ఎర్ర కొండల్లో మా డాక్టరమ్మ

డాక్టర్ నాగలక్ష్మి గారు ఇక లేరు. గత మాసంలో ఒక మంగళవారం ఉదయం, ఆలిస్ స్ప్రింగ్స్‌లోని స్వగృహంలో, కూతురు కావ్య పక్కన కూర్చుని ఉండగా ఆమె తుదిశ్వాస విడిచారు. ఆ సమయానికి నేను ఊరికి ఉత్తరాన రోడ్డు పనుల దగ్గర ఉన్నాను. కావ్య ఫోన్ చేసి, "అన్నా, అమ్మ..." అని ఆగిపోయింది. మిగతా మాట చెప్పవలసిన అవసరం లేకపోయింది. జబ్బు సంగతి మాకు ముందే తెలుసు. ఎక్కువ కాలం ఉండనని ఆమే స్వయంగా చెప్పారు. అయినా ఆ క్షణాన మనసు మొద్దుబారిపోయింది. ఎదురుగా మట్టిని చదును చేస్తున్న యంత్రాన్ని ఆపమని చెయ్యి ఊపాను. ఎందుకు ఆపమన్నానో నాకే తెలియదు. డ్రైవరు దిగివచ్చి ఏమైందని అడిగితే, "మా డాక్టరమ్మ పోయారు" అని తెలుగులోనే చెప్పాను. అతనికి ఒక్క ముక్క అర్థం కాకపోయినా టోపీ తీసి పక్కన నిలబడ్డాడు.

ఆమెను ఎరగని పాఠకుల కోసం నాలుగు మాటలు. ఆస్ట్రేలియా ఖండానికి సరిగ్గా నడుమ, ఎటు చూసినా ఎడారి పరుచుకుని ఉన్నచోట, ఎర్రటి కొండల వరుసకు ఆనుకుని ఉన్న చిన్న పట్టణం మాది. సముద్రం చూడాలంటే ఏ దిక్కుకైనా రోజుల తరబడి ప్రయాణం. అక్కడి ఆస్పత్రిలో నాగలక్ష్మి గారు పసిపిల్లల వైద్యురాలిగా యౌవనంలో చేరి, విశ్రాంతి తీసుకునే వయసు దాకా పనిచేశారు. డెబ్బయ్యో పడిలో పడ్డాక కూడా ఆ ఊరు విడిచిపెట్టలేదు. అయితే మా అందరి స్మృతిలో ఆమె మిగిలిపోయింది స్టెతస్కోపుతో కాదు. చలికాలపు ఆదివారాల్లో, వెడల్పాటి అంచు టోపీ, నూలు సల్వారు, చీలమండలు దాటిన బూట్లు, వీపున నీళ్ల సంచి, ఆ రూపంతోనే. ముప్పై ఏళ్లకు పైగా ఆమె ప్రతి చలికాలమూ ఆ చుట్టుపక్కల కొండల్లోకి, కనుమల్లోకి జనాన్ని నడిపించారు. మొదట్లో ఆస్పత్రి సిబ్బంది పిల్లలు, తర్వాత కేరళ నర్సుల కుటుంబాలు, ఫిలిప్పీన్స్ వాళ్లు, ఇటీవలి సంవత్సరాల్లో మా తెలుగువాళ్లు. సంఘం లేదు, పేరు లేదు. "ఆదివారం డాక్టరమ్మతో" అంటే అందరికీ తెలిసేది.

ఆమె స్వస్థలం అనంతపురం జిల్లాలోని యాడికి. ఈ ఊరి పేరుతో ఆమె ఎంతమందిని ఆటపట్టించారో లెక్కలేదు. నేను మొదటిసారి కలిసినప్పుడు, కృష్ణా జిల్లా మనిషిని కనుక మర్యాదగా, "మీదే ఊరు మేడం?" అని అడిగాను.

"యాడికి" అన్నారు.

"ఎక్కడికీ లేదండీ, పాపకు చెవినొప్పి, చూపిద్దామని వచ్చాం" అన్నాను.

ఆమె పగలబడి నవ్వారు. ఆ నవ్వుకు మా పాప హాసిని ఏడుపు మానేసింది. అప్పటికి మేము మెల్‌బోర్న్ నుంచి ఈ ఊరికి వచ్చి కొన్ని నెలలే. ఉద్యోగం దొరికింది గదా అని వచ్చామే గాని, నా భార్య సుధకు ఈ ఊరు బొత్తిగా నచ్చలేదు. చెవి పరీక్ష ముగించాక డాక్టరమ్మ హాసినిని అడిగారు: "ఈ ఊర్లో ఏమేం చూసినావు బంగారూ?"

"జస్ట్ ది షాప్స్" అంది హాసిని.

డాక్టరమ్మ మందు చీటీ రాస్తూనే మా వైపు చూడకుండా అన్నారు: "చెవికి ఈ మందు. ఊరికేమో ఆదివారం పొద్దున రాండి. బూట్లు ఉండాయా?"

అలా వెళ్లిన మొదటి ఆదివారం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్లుంది. కార్లు ఆపే స్థలంలో ఆమె భర్త శ్రీనివాసులు గారు చిన్న గ్యాస్ పొయ్యి వెలిగించి టీ కాస్తున్నారు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. కొండ ఎక్కడమన్నా, రాళ్ల మీద నడవడమన్నా ఆయనకు ఏమాత్రం ఇష్టం లేదు. అందరూ వెళ్లాక మడత కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటూ, తిరిగి వచ్చేవాళ్లకు మళ్లీ టీ కాచి పెట్టేవారు. "నేను మా ఆవిడ బేస్ క్యాంపును" అనేవారు నవ్వుతూ. పెద్ద డబ్బాలో మరమరాల ఉగ్గాని, మరో డబ్బాలో వేయించిన చెనిక్కాయలు, బెల్లం. తిన్నవాళ్లు తిన్నాక డాక్టరమ్మ ఒక్కొక్కరి ముందూ నిలబడి, "నీళ్లు చూపీ" అనేవారు. తెచ్చామని చెబితే చాలదు, సంచి తెరిచి చూపించాలి. చాలనివాళ్లకు ఆమె కారు వెనుక నుంచి సీసాలు తీసి ఇచ్చేవారు. ఇచ్చేటప్పుడు పల్లెత్తు మాట అనేవారు కాదు. ఆ తర్వాత ఆమె చేసిన పని నాకు వింతగా తోచింది. దారి బాగా తెలిసిన మనిషి ముందు నడుస్తారనుకుంటాం. ఆమె అందరికన్నా చివర నడిచేవారు. ఎందుకని అడిగాను.

"ముందర పోయేటోళ్లకు ఏమైనా అయితే కనపడతాదప్పా. వెనక పడిపోయినోళ్లకు ఏమైనా అయితే ఎవరికీ కనపడదు. పిల్లల వార్డులో కూడా అంతే, ఏడ్చే బిడ్డ గురించి నాకు భయంల్యా. మూల మంచంలో ఊరికే పడుకోనుండే బిడ్డ గురించే."

ఆమె మృదుస్వభావి అని ఎవరైనా రాస్తే నమ్మకండి. నోరు కరుకు. చెప్పులతో వచ్చిన ఒక బ్యాంకు ఆఫీసరును కొత్త పెళ్లికూతురు ముందే వెనక్కి పంపేశారు. శిఖరం అంచున నిలబడి సెల్ఫీ తీసుకుంటున్న ఇద్దరిని ఆమె కేకేసిన కేక ఎదుటి కొండకు కొట్టుకుని తిరిగి వచ్చింది. "ఆవిడ డాక్టరా, మిలిటరీనా?" అని మావాళ్లు చాటుగా గొణుక్కునేవారు. గొణుక్కున్నవాళ్లే మరుసటి ఆదివారం ముందుగా వచ్చి నిలబడేవారు. సుధ సంగతే చెప్తాను. ఊరు నచ్చని మనిషి, ఆ తొలి చలికాలం గడిచేసరికి తెల్లటి మాను గల చెట్లను, ముట్టుకుంటే సూదుల్లా గుచ్చుకునే గడ్డి దుబ్బులను, చిన్న పిచ్చుకల గుంపు ఎటు ఎగిరితే అటు నీరు ఉంటుందన్న సంగతిని తన అమ్మకు వీడియో కాల్‌లో వర్ణించి చెప్పడం మొదలుపెట్టింది.

ఆ నేలను ఆమె అంతగా ప్రేమించారు కాని, ఎన్నడూ తనదని అనుకోలేదు. ఇందుకు కారణం మార్గరెట్. ఆ ప్రాంతపు ఆదివాసులైన అరెంటె జనానికి చెందిన మనిషి. ఆస్పత్రిలో దుబాసీగా పనిచేసేది. భయపడే తల్లులకు వాళ్ల భాషలో నచ్చజెప్పేది. ఇద్దరూ దాదాపు ఒకే వయసువాళ్లు. ఒకసారి ఇద్దరూ ఊరి నడుమ నుంచి పోయే నదిలో నిలబడ్డారు. నది అంటే ఉత్త ఇసుకే. ఏళ్ల తరబడి నీళ్లు కనబడవు. తన అమ్మమ్మ ఇలాంటి ఇసుకలోనే చేతులతో గుంత తీసి నీళ్లు తోడేదని మార్గరెట్ చెప్పింది. డాక్టరమ్మ ఒక్కసారిగా ఇసుకలో చతికిలబడి, "మా పెన్నలో కూడా ఇంతే! చెలమ అంటాం!" అని రెండు చేతులతో తవ్వి చూపించారట. నీళ్లు పడలేదు. ఇద్దరు పెద్ద ఉద్యోగినులు మోచేతుల దాకా ఇసుకతో ఆస్పత్రికి తిరిగి వచ్చారు. "చెలమ" అన్న తెలుగు మాట ఆనాటి నుంచి మార్గరెట్‌కు వచ్చు.

మార్గరెట్ చెప్పిన మాటను డాక్టరమ్మ జవదాటేవారు కాదు. ఊరికి తూర్పున ఒక కనుమ ఉంది. అక్కడి నీటి గుంటలో దిగవద్దని, గోడల మీది బొమ్మలను ఫొటోలు తీయవద్దని మార్గరెట్ ఎప్పుడో చెప్పింది. ఒకసారి మాతో వచ్చిన ఒకాయన, "నీళ్లే గదా మేడం, పిల్లలు కాళ్లు తడుపుకుంటారు" అన్నాడు.

డాక్టరమ్మ అడిగారు: "మీ ఇంటికొచ్చినోళ్లు చెప్పులతో పూజగదిలోకి పోతే ఏమంటావు?"

 పిల్లలను ఆయనే వెనక్కి పిలిచాడు.

ఇప్పుడు రాయబోయే సంఘటన మా కుటుంబానికి సంబంధించింది. సిడ్నీలోని కెల్లీవిల్ నుంచి సుధ అన్నయ్య, మా రవి బావగారు, భార్యాపిల్లలతో మా ఇంటికి వచ్చారు. బడి సెలవులు. ఎండలు ముదురుతున్న రోజులు. డాక్టరమ్మ ఆ ఏటికి నడకలు ముగించే వేళ. ఆయన పట్టుబట్టి అడిగితే ఆఖరి నడకగా ఆర్మిస్టన్ లోయకు బయలుదేరదీశారు. చుట్టుదారి అది. ముందు ఒక గట్టు ఎక్కాలి, అటువైపు దిగి చెట్టూ చేమా లేని విశాలమైన మైదానం దాటాలి, చివరికి ఎత్తయిన ఎర్రగోడల నడుమ నీళ్ల వెంట తిరిగి రావాలి. బావగారు సిడ్నీలో పరుగు పందేల్లో పాల్గొనే మనిషి. మొదటి నుంచీ ముందు నడిచారు. గట్టు మీదికి చేరేసరికి వాతావరణ సూచనలో చెప్పినదానికన్నా ఎండ బాగా పెరిగింది. గాలి వేడిగా కొడుతోంది. వెనుక నుంచి వచ్చిన డాక్టరమ్మ ఆయన ఎదుట ఆగి, "నీళ్లు చూపీ అప్పా" అన్నారు. సీసా ఖాళీ.

"ఐ యామ్ ఫైన్ ఆంటీ. సగం వచ్చేశాం. లూప్ గదా, ముందుకెళ్లినా వెనక్కెళ్లినా ఒకటే డిస్టెన్స్. కావాలంటే నా వాచ్ చూడండి."

"వాచ్ చూడటంల్యా. నీ మొగం చూస్తాండా. ఈడనుంచి వెనక్కి పోదాం."

"ఇంత దూరం వచ్చి వెనక్కా? పిల్లలు గార్జ్ చూస్తామంటున్నారు."

"గార్జ్ యాడికీ పోదు. కార్ల కాడనుంచి నాలుగడుగులు. సాయంత్రం చల్లబడినాక నేనే తీస్కపోతా."

బావగారి ముఖం జేవురించింది. అది కోపం వల్లనా, ఎండ వల్లనా మాకు తెలియలేదు. ఆమెకు తెలిసింది. ఆయన గొంతు పెంచి, "మీరు పెద్దవాళ్లు ఆంటీ. మీకు కష్టంగా ఉంటే మీరు వెళ్లండి, నో ప్రాబ్లమ్. మేం ఫాస్ట్‌గా వెళ్లి వచ్చేస్తాం" అన్నారు.

 ఆ మాటకు ఆమె పెట్టబోయే కేక కోసం ఎదురుచూశాం. కేక రాలేదు. డాక్టరమ్మ మెల్లగా ఒక రాతి మీద కూర్చుని, మోకాలు పట్టుకుని అన్నారు: "అవునప్పా. నాకు కష్టంగానే ఉంది. ఒక్కదాన్నే దిగలేను. నువ్వు బలంగా ఉండావు, నాకు తోడు రా. నీ చెయ్యి పట్టుకోని దిగుతా."

ఆ ఉదయమంతా ఆమె మోకాలి గురించి ఎవరూ వినలేదు. బావగారు ఒక్క నిమిషం తటపటాయించి, అక్కడ మరో మార్గం లేక, చెయ్యి అందించారు. అందరం వెనుదిరిగాం. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని నడుస్తూ, నాడి చూస్తున్నారని నాకు చాలాసేపటికి గాని అర్థం కాలేదు. తన సీసా ఆయనకిచ్చి, "ఇది మోయలేను, నువ్వు తాగేయ్, బరువు తగ్గుతాది" అన్నారు. దారి సగం దిగేసరికి బావగారు ఉన్నట్టుండి తెలుగు, ఇంగ్లీషు కలిపి సంబంధం లేని మాటలు మాట్లాడసాగారు. నడుస్తున్న మనిషి, ఎండిన వాగు ఒడ్డున మోకాళ్ల మీద కూలిపోయారు.

ఆ తర్వాత ఆమె మోకాలు ఎక్కడా నొప్పి పెట్టలేదు. క్షణంలో ఆయనను చెట్టు నీడలోకి లాగించారు. చొక్కా విప్పించి, అందరి సీసాల్లోని నీళ్లలో పిల్లలకు కావలసింది పక్కన పెట్టి, మిగతావి ఒంటి మీద పోయించారు. మమ్మల్ని వరుసగా నిలబెట్టి టోపీలతో విసరమన్నారు. ఫోన్లు పనిచేయని చోటు అది. ఉపగ్రహానికి సంకేతం పంపే చిన్న పరికరం ఆమె సంచిలో ఎప్పుడూ ఉండేది. దాన్ని నొక్కి నా చేతిలో పెట్టి, "ఆకాశం కనపడేచోట పెట్టు, కదలొద్దు" అన్నారు. ఏడుస్తున్న మా అక్కయ్యను, అంటే బావగారి భార్యను, దగ్గరకు తీసుకుని, "ఊపిరి బాగుంది. నాడి ఉంది. నేను ఉండాను. నువ్వు విసురు" అన్నారు. పార్కు రేంజర్లు వాహనంతో వచ్చేదాకా ఆమె ఆయన తల తన ఒడిలోంచి దించలేదు. ఆస్పత్రిలో వైద్యులు, ఆ మైదానంలోకి దిగి ఉంటే మనిషి దక్కేవాడు కాదని చెప్పారు.

మరుసటి వారం ఎవరి ఇంట్లోనో భోజనాలప్పుడు ఈ సంగతి చర్చకు వచ్చింది. బావగారు తల వంచుకుని కూర్చున్నారు. ఎవరో అడగనే అడిగారు: "రవి గారే మొండిగా వెళ్తానన్నారట గదా మేడం?"

"ఎవరు చెప్పినారు?" అన్నారు డాక్టరమ్మ పప్పు వడ్డించుకుంటూ. "నాకు మోకాలు నొప్పెత్తి దిగలేకపోతే, పాపం నాకోసం వెనక్కొచ్చినాడు. నన్ను పట్టుకోని దిగేసరికే ఆయప్పకు వడదెబ్బ తగిలింది."

చివరిదాకా ఆమె ఈ మాట మార్చలేదు. ఒక మనిషి ప్రాణాన్ని కాపాడడం వైద్యధర్మం. ఆ మనిషి పరువును కూడా కాపాడడం ఆమె సొంత ధర్మం. సంస్మరణ సభకు సిడ్నీ నుంచి వచ్చిన బావగారు లేచి నిలబడి, "ఆ రోజు ఆంటీకి మోకాలు నొప్పి లేదు" అన్న ఒక్క వాక్యం మాత్రం చెప్పి కూర్చున్నారు. 

శ్రీనివాసులు గారు పోయి కొన్నేళ్లయింది. ఆ తర్వాత టీ పొయ్యి నా చేతికి వచ్చింది. ఈ ఏడాది నడకలు మొదలయ్యే ముందు, కార్ల దగ్గర అందరూ ఉగ్గాని తింటుండగా, డాక్టరమ్మ వాతావరణం గురించి చెప్పినట్లే చెప్పారు: "నాకు క్లోమంలో క్యాన్సర్. ముదిరిపోయింది. మందులతో నాలుగు నెలలు లాగేదానికన్నా మీతో రెండు నెలలు తిరిగేదే మేలనుకున్నా. ఏడ్చేటోళ్లు ఇప్పుడే ఏడ్చేయండి, ఎండెక్కితే నడవలేం." ఎవరూ ఏడవలేదు. ఏడవడానికి ఆమె వ్యవధి ఇవ్వలేదు. నీళ్లు చూపించమన్నారు.

పెర్త్‌లోని పియారా వాటర్స్ నుంచి కావ్య వచ్చి తల్లి దగ్గరే ఉండిపోయింది. తల్లీకూతుళ్ల నడుమ అంతవరకు పెద్దగా రాకపోకలు లేవని మాకందరికీ తెలుసు, కారణం తెలియదు. డాక్టరమ్మ నడవలేని స్థితికి వచ్చాక, సింప్సన్స్ గ్యాప్ చూస్తానన్నారు. ఊరికి దగ్గరలోనే ఉన్న కనుమ. కొంత దూరం చక్రాల కుర్చీ పోయే బాట ఉంది. కుర్చీ నేను తోశాను. కావ్య పక్కన నడిచింది. బాట ముగిసి ఇసుక మొదలైనచోట ఆగాం. నీళ్లు ఇంకా కొంత దూరంలో, రెండు కొండల సందున నల్లగా మెరుస్తున్నాయి.

కావ్య ఉన్నట్టుండి అంది: "అమ్మా, డు యూ నో, నువ్వు నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. వస్తావా అని. ఎవ్రీ సండే, లే, బూట్లేసుకో, అంతే. అక్కడికొస్తే ముప్పై మంది కిడ్స్. అందరికీ డాక్టర్ ఆంటీ ఉంది. నాకే అమ్మ లేదు."

నేను పక్కకు తప్పుకోబోయాను. డాక్టరమ్మ చెయ్యి ఎత్తి ఉండమన్నారు. 

"అడగలేదు. నిజమే" అన్నారు కూతురితో. "వారమంతా ఆస్పత్రిలోనే ఉంటి. ఆదివారమన్నా నువ్వు నా కండ్ల ముందర ఉంటావని తీస్కపోయేదాన్ని. అది నీకు చెప్పల్లని నాకు తోచలేదు. తప్పు నాదే."



"ఇప్పుడు అడుగుతాండా" అన్నారు తల్లి. "నీళ్ల కాడికి తీస్కపోతావా? వద్దంటే ఈడనుంచే చూసి పోదాం. నీ ఇష్టం."

కావ్య బూట్లు విప్పి పక్కన పెట్టింది. కుర్చీ ముందు వంగి కూర్చుంది. నేను సాయం పట్టి డాక్టరమ్మను ఆమె వీపు మీదికి ఎక్కించాను. అప్పటికి ఆమెలో బరువే లేదు. కూతురు తల్లిని మోసుకుని ఇసుకలో మెల్లగా నడిచి, నీటి ఒడ్డున ఒక రాతి మీద దించి, పక్కనే కూర్చుంది. ఎదుటి రాళ్ల మీదికి చిన్న కంగారూల వంటి వాలబీలు సాయంకాలపు మేతకు దిగివస్తున్నాయి. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. ఒకసారి ఇద్దరూ పెద్దగా నవ్విన చప్పుడు మాత్రం కొండల నడుమ నుంచి ఖాళీ కుర్చీ దగ్గర నిలబడ్డ నాదాకా వచ్చింది. ఆమె నవ్వు నేను వినడం అదే ఆఖరు.

దహనం అయ్యాక చితాభస్మం విషయంలో మాలో మాకు వాదం వచ్చింది. ఆమె అంతగా ప్రేమించిన లోయల్లో, ఏదో ఒక నీటి మడుగులో కలపడమే ఉచితమని చాలామంది అన్నారు. కావ్య అడ్డు చెప్పింది. తల్లి ఈ సంగతి ముందుగానే తేల్చి వెళ్లారట: "ఆ నీళ్లు మార్గరెట్ వాళ్లవి. మనం చూడనిచ్చినంత చూసినాం. నన్ను తెచ్చి ఆడ వేయొద్దు." అందువల్ల కావ్య అడిలైడ్ వెళ్లి, పడవ మీద సముద్రంలోకి పోయి, శాస్త్రోక్తంగా కలిపి వచ్చింది.

ఆ తర్వాతి ఆదివారం ఎవరూ ఎవరికీ కబురు చేయలేదు. అయినా అలవాటైన చోటికి అందరూ వచ్చారు. ఎప్పుడో చిన్నతనంలో ఆమెతో నడిచి, ఇప్పుడు తమ పిల్లలను వెంటబెట్టుకుని వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. వచ్చాం గాని, ఎలా బయలుదేరాలో ఎవరికీ తోచలేదు. అప్పుడు మార్గరెట్ వచ్చింది. ఇన్నేళ్లలో ఆమె మా నడకలకు ఎన్నడూ రాలేదు. "పుట్టినప్పటి నుంచి నడిచిన చోట సరదాకి నడవడమేమిటి?" అని స్నేహితురాలిని ఎగతాళి చేసేది. ఆ రోజు మా అందరి నడుమ నిలబడి ఒక మాట అడిగింది. వాళ్ల ఆచారంలో, మనిషి పోయాక కొంతకాలం ఆ పేరు పైకి పలకరు. తన ఎదుట ఆ పేరు ఎత్తవద్దని, "ఆ పెద్ద డాక్టరు" అంటే చాలునని కోరింది. సరేనన్నాం. ఆ రోజు కొండ మీద ఎవరమూ ఆమె పేరు పలకలేదు. ఎనిమిదేళ్ల పిల్లలు కూడా ఆ మాట నిలబెట్టారు.

దిగివచ్చాక నేను మార్గరెట్‌ను పక్కకు పిలిచి అడిగాను. మా ఆచారం వేరని, పోయినవారిని పేరూ గోత్రమూ చెప్పి తలుచుకుంటామని, మా భాషలో ఆమె గురించి ఒక వ్యాసం రాయాలనుకుంటున్నానని, అందులో పేరు రాయవచ్చునా అని. ఆమె కాసేపు ఆలోచించింది. మీ భాషలో మీవాళ్ల కోసం రాసుకొమ్మంది. తనకు మాత్రం చదివి వినిపించవద్దంది. అని, కళ్లు తుడుచుకోవడానికి అటు తిరిగింది.

ఆ అనుమతితోనే ఇది రాశాను. మా ఊరికి మరో పిల్లల వైద్యురాలు వచ్చారు, మంచి మనిషి. కొండల దారులు తెలిసినవాళ్లు మాలో ఇప్పుడు కొందరున్నారు. కాని ఎదుటి మనిషి ముఖం ఒక్కసారి చూసి, అతనికి ఏం కావాలో, అది ఎలా ఇస్తే అతను తలెత్తుకుని తీసుకోగలడో తెలిసిన మనిషి మరొకరు మాకు లేరు. ఆ విద్య ఆమె ఎవరికీ నేర్పలేదు. అది నేర్పడానికి వీలయ్యే విద్యేనా అన్నది నాకు సందేహమే. వృత్తికి, ఊరికి, అపరిచితులకు తన ఆయుష్షును అరమరికలు లేకుండా పంచియిచ్చిన ఆ ధన్యురాలికి, యాడికి ఆడబిడ్డకు, కావ్య తల్లికి, డాక్టర్ నాగలక్ష్మి గారికి, పేరు పెట్టి పిలిచి, నమస్కరిస్తున్నాను.